మన తోటదే కదా అని తాగాను

ఇది ఎవరి కోసం రాస్తున్నానో ముందే చెప్పేస్తాను. కొబ్బరి నీడలో కోకో వేసుకున్న మా ఉద్దానం వాళ్ళ కోసం. అందులోనూ ఇంట్లో కిడ్నీ జబ్బు మనిషి ఉన్నవాళ్ళ కోసం. మిగతావాళ్ళు చదివితే చదవండి, లేకపోతే లేదు. ఓదార్పు మాటలు నా దగ్గర పెద్దగా దొరకవు. నా నోరు మంచిది కాదని పెళ్ళికి ముందు నుంచే పేరుంది, జబ్బు వచ్చాక అది ఇంకా పాడయింది.

నా పేరు దమయంతి. మాది సోంపేట దగ్గర పల్లె. పదో తరగతి చదివాను కాబట్టి డ్వాక్రా సంఘంలో బ్యాంకు వాళ్ళతో మాట్లాడే పని నాకే అప్పజెప్పారు. మా ఆయన బైరాగి, నా మేనత్త కొడుకు. చిన్నప్పటి నుంచీ బావా అని పిలవడం అలవాటు, ఇప్పటికీ అంతే. ఇంట్లో మేమిద్దరం, మా అత్త. మాకున్నదల్లా ఒక తోట. కొబ్బరి ముఖ్యం. మధ్యలో జీడి, రెండు పనసలు, గట్టు వెంట అరటి, నూతి దగ్గర మునగ. కొబ్బరి కింద నీడలో కోకో. మిగతావన్నీ మా మావయ్య వేసినవి, కోకో ఒక్కటే బావ సొంతంగా వేసింది. అందుకే ఆ మొక్కలంటే ఆయనకి ఒక పాలు ఎక్కువ. ఒక్క చుక్క పురుగుమందు కూడా వాటి మీద పడనిచ్చేవాడు కాదు.

2013 ఎండాకాలంలో మొదలైంది నాది. పొద్దున్న లేచేసరికి మొహం ఉబ్బి ఉండేది. అన్నం వాసనకి కడుపులో తిప్పేది. పొయ్యి దగ్గర నుంచి నూతి దాకా నడిస్తే ఎక్కడైనా కూలబడాలనిపించేది. మా వైపు ఇలాంటివి చెబితే ఎవరూ ఏం జబ్బు అని అడగరు. అందరికీ తెలుసు. తెలిసి, కాసేపు మాట మార్చి, కూరేం వండావని అడుగుతారు. మా అత్త కూడా అలాగే కూర సంగతి అడిగింది. ఆ రోజే నాకు అర్థమైంది, ఇక శ్రీకాకుళం వెళ్ళి రక్తం ఇచ్చి రావలసిందేనని.

డాక్టరు గారు వయసు మళ్ళిన మనిషి. మెల్లగా మాట్లాడతారు. కాగితం చూసి, ఉన్న సంగతి దాచకుండా చెప్పారు. కిడ్నీలు చాలా వరకు పోయాయి, పోయినవి తిరిగి రావు. మిగిలింది కాపాడుకుంటే డయాలసిస్ మిషను దాకా వెళ్ళకుండా కొన్నేళ్ళు లాగొచ్చు. బీపీ పెరగనివ్వకూడదు, తిండి జాగ్రత్త.

మిషనంటే ఏమిటో మాకు చెప్పనక్కర్లేదు. బావ అన్నగారిని ఆ మిషను మీదికి బావే తీసుకెళ్ళేవాడు. వారం వారం తీసుకెళ్ళి, ఒక వారం మనిషి లేకుండా తిరిగొచ్చాడు. అందుకని ఆ రోజు డాక్టరు గారి గదిలో మేమిద్దరం విన్నది ఒకే ఒక్క మాట. మిషను ఎక్కకుండా ఉండాలి. తరవాత మూడేళ్ళు మా ఇంట్లో ఏ పని జరిగినా, ఏ పని ఆగినా ఆ మాట కోసమే.

తిండి సంగతి చెప్పడం మొదలుపెట్టారు. కొబ్బరి నీళ్ళు వద్దు. అరటిపండు వద్దు. పనస వద్దు. జీడిపప్పు వద్దు. మునగాకు వద్దు. ఆయన మా తోట ఎప్పుడూ చూడలేదు, కానీ తోటలో నడుస్తూ ఒక్కో చెట్టునీ ముట్టుకుని వద్దంటున్నట్టే ఉంది. బావ మొహం చూడలేకపోయాను. కూరగాయలు ఉడికించి ఆ నీళ్ళు పారబోసి వండుకోమన్నారు. ఆఖరికి, "చాక్లెట్లు కూడా తినకండమ్మా" అన్నారు.

"సాక్లెట్లు తినే వయసేటండి నాది?" అన్నాను. ఆయన నవ్వారు. బావా నవ్వాడు. ఆ గదిలో నవ్వు వచ్చింది ఆ ఒక్క మాటకే. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది.

మా బావ మాటల మనిషి కాదు. పెళ్ళయిన కొత్తలో నాకు కోపం వస్తే బతిమాలడం ఆయనకి చేతనయ్యేది కాదు. కత్తి పట్టుకుని తోటలోకి పోయి, మంచి లేత బొండం దింపి, మూతి చెక్కి తెచ్చి నా ముందు పెట్టి నిలబడేవాడు. నేను తాగితే కోపం పోయినట్టు. ఒంట్లో బాగాలేకపోయినా అంతే, అలిసిపోయి వచ్చినా అంతే. ఆయనకి చేతనైన ప్రేమంతా ఆ చెట్ల మీద నుంచే దిగేది. డాక్టరు గారు ఆ చెట్లన్నీ నాకు లేకుండా చేసేసరికి ఆయన చేతులకి పని లేకుండా పోయింది.

పైగా మా వైపు జబ్బు మనిషిని చూడ్డానికి వచ్చేవాళ్ళు వట్టి చేతుల్తో రారు. బొండాలు పట్టుకొస్తారు. అవి అరుగు మీద వరసగా పేరుకుపోయేవి. నాకు నాలుక పిడచకట్టుకుపోయి ఉండేది, అవి నా కళ్ళ ముందే ఉండేవి. ఒకసారి మా అత్త చాటుగా గ్లాసులో పోసి తెచ్చింది.

"బొండం నీళ్ళు కూడా ఇవ్వకపోతే మనిసెలగ బతుకుతాది? తాగీ, ఎవలూ సూడరు."

బావ చూశాడు. గ్లాసు తీసుకుని గుమ్మంలో పారబోశాడు. "నీకు దండం పెడతానమ్మా, అన్నయ్యని సంపీసుకున్నాం, సాలు" అన్నాడు. అత్త వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

అంత జాగ్రత్తగా ఉన్న మనిషి. అదే ఎవరికీ అర్థం కాదు.

2015లో, వానలు తగ్గాక, మా ఊళ్ళో కోకో రైతులకి మీటింగు పెట్టారు. గింజలు కొనే వాళ్ళ తరఫున ఇస్త్రీ చొక్కా వేసుకున్న కుర్రాయన ఒకడు వచ్చాడు. కొమ్మలు ఎప్పుడు నరకాలి, గింజలు ఎలా పులియబెట్టాలి, ఉడతలు కాయలు కొట్టకుండా ఏం చెయ్యాలి, అన్నీ చెప్పాడట. చివర్లో, మీరు పండించేది మీకే విలువ తెలియడం లేదు, ఇది గుండెకి మంచిది, రక్తనాళాలు మెత్తబడతాయి, బీపీ తగ్గుతుంది, పంచదార లేకుండా తాగితే మందులాంటిది, అమ్ముకోవడమే కాదు మీరూ తాగండి అన్నాడట. ఆయన చెప్పింది అబద్ధమని నేననడం లేదు. కిడ్నీలు బాగున్న వాళ్ళకి చెప్పాడు. విన్నవాళ్ళలో ఎవరి ఇంట్లో ఎవరున్నారో ఆయనకేం తెలుసు?

బావ ఆ సాయంత్రం ఇంటికి వచ్చిన రాక నాకు ఇంకా గుర్తుంది. చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చేశాడు.

"దమయంతీ, మన కోకో బీపీ తగ్గిస్తాదంట."

"ఎవలు సెప్పేరు?"

"మీటింగుల సెప్పేరు. గుండికి మంచిదంట. డాక్టరు బాబు ఏటన్నాడు, బీపీ పెరక్కపోతే మిసినెక్కక్కర్నేదన్నాడు కదా. మరింకేటి?"

ఆ రెండు మాటలూ ఆయన బుర్రలో ముడిపడిపోయాయి. ఇక విప్పేవాళ్ళెవరు? నేను మాత్రం ఎందుకు విప్పుతాను? తోటలో ఉన్నవన్నీ వద్దన్న డాక్టరు గారు కోకో పేరు ఎత్తలేదు. అన్నీ పోగా మిగిలిన ఒక్క చెట్టు అది, అదీ బావ సొంతంగా వేసింది. రెండేళ్ళుగా నాకు ఏదీ ఇవ్వలేక ఊరికే తిరుగుతున్న మనిషికి అది ఎంత సంబరమో మీరు ఊహించుకోండి.

డాక్టరు గారిని అడగొచ్చు కదా అని చదువుకున్న వాళ్ళు ఇప్పుడు నన్నడుగుతారు. మాత్ర గురించి అడుగుతాం. బజారులో కొన్న టానిక్ గురించి అడుగుతాం. మన చెట్టు కాయ గురించి ఎవరైనా అడుగుతారా? అసలు మా వైపు ఈ జబ్బు ఎందుకొస్తుందో ఎవరూ తేల్చి చెప్పలేదు. నీళ్ళన్నారు, పురుగుమందులన్నారు, ఎరువులన్నారు, ఎండలో పని అన్నారు. ఎవరికి తోచింది వాళ్ళు అన్నారు. అన్నీ విని విని మేము ఒకటే నమ్మాం. బయటి నుంచి వచ్చేదే మమ్మల్ని తినేస్తోంది, మన మట్టిలో మన చేత్తో మందు కొట్టకుండా పెంచింది మనకి చెడ్డ చెయ్యదు. ఆ నమ్మకమే నా మెడకి చుట్టుకుంది.

విచిత్రం ఏమిటంటే, అన్నేళ్ళుగా పండిస్తూ కోకో రుచి మాకు తెలీదు. కాయ కొట్టినప్పుడు గింజ మీద ఉండే తెల్లటి గుజ్జు చీకుతాం, అంతే. తియ్యగా, పుల్లగా ఉంటుంది. గింజల్ని అరటాకుల్లో కప్పిపెట్టి, పులిసిన కంపు భరించి, ఎండలో ఆరబోసి, గోనె సంచులకెత్తి పంపించేస్తాం. అక్కడి నుంచి అది ఏమైపోతుందో మాకు అక్కర్లేదు. చాక్లెట్లు చేస్తారని తెలుసు. తెలియడం అంటే ఊరికే తెలియడం. రంగు కాగితంలో పిల్లలు తినే ఆ ముక్కకీ, మా వాకిట్లో కాకులు పొడిచే ఈ గింజకీ చుట్టరికం ఉందని ఎప్పుడూ తోచలేదు.

బావ మూకుట్లో గింజలు వేయించాడు. ఆ వాసనకి పక్కింటివాళ్ళు గోడ మీద నుంచి తొంగి చూశారు. అత్త చేటలో పొట్టు చెరిగింది. రోట్లో దంచితే నూనె ఊరి ముద్దయింది. నీళ్ళలో మరగబెట్టి, పంచదార మంచిది కాదని తాటిబెల్లం వేశాడు. మొదటి గుక్క ఉమ్మేశాను. ఆయన కూడా ఒక గుక్క తాగి మొహం పెట్టాడు.

"కసాయం అలగే ఉంతాది. తాగీ" అంది అత్త. తాగాను.

ఇది చెప్పకపోతే అబద్ధమాడినట్టు అవుతుంది కాబట్టి చెబుతున్నాను. కొన్నాళ్ళు బాగానే ఉంది. ఊళ్ళో ఆరెంపీ డాక్టరు బీపీ చూసి, కిందటిసారి కంటే తగ్గింది అన్నాడు. ఒంట్లో చురుకు వచ్చింది. సంఘం మీటింగుకి నడిచి వెళ్ళాను, నడిచి వచ్చాను. చాలాకాలానికి గొంతెత్తి ఒకళ్ళని తిట్టాను కూడా. బావ ఆనందం పట్టలేక టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పుకున్నాడు. మా ఆవిడికి కోకోతోనే నయమైపోయిందని. వినేవాళ్ళ ఇళ్ళల్లోనూ జబ్బు మనుషులున్నారు. వాళ్ళూ మూకుళ్ళు పొయ్యి మీద పెట్టారు. మాకు పొద్దున ఒక గ్లాసు సరిపోలేదు, సాయంత్రం ఇంకోటి మొదలుపెట్టాం. అదీ పెద్ద గ్లాసే.

2016 ఎండలు ముదిరేసరికి కాళ్ళు బరువెక్కాయి. నొప్పి కాదు. ఎవరివో కాళ్ళు తెచ్చి నాకు తగిలించినట్టు ఉండేవి. పెదాల చుట్టూ చీమలు పాకినట్టు ఉండేది. ఎండ దెబ్బ అనుకున్నాం. బలం కోసం కోకో ఇంకాస్త చిక్కగా కాచాడు బావ. ఒక మధ్యాహ్నం సంఘం మీటింగులో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉండిపోయాను. లేవమంటే కాళ్ళు మాట వినలేదు. గుండె ఒకసారి కొట్టుకుని, మళ్ళీ కొట్టుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు ఉంది. ఆడవాళ్ళు నలుగురూ కలిసి నన్ను ఆటోలోకి ఎత్తారు.

దారిలో దాహంతో నా నోరు అంటుకుపోయింది. బావ సంచిలో ఫ్లాస్కు ఉంది. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు కూడా మరిచిపోకుండా తెచ్చాడు. నా తల ఒళ్ళో పెట్టుకుని, మూతలో కొంచెం కొంచెంగా పోసి తాగించాడు.

"తాగీ పిల్లా. బలం వస్తాది" అన్నాడు. తాగాను. చుక్క కూడా కింద పడకుండా తాగించాడు.

ఆసుపత్రిలో గుండెకి తీగలు పెట్టిన అమ్మాయి కాగితం చూసి పరిగెత్తింది. తరవాత ఎవరెవరో వచ్చారు. మెల్లగా మాట్లాడే డాక్టరు గారే వచ్చి గట్టిగా అడిగారు. "ఏం తింటోంది ఈవిడ? ఏం తాగిస్తున్నారు?"

"ఏటీ నేదండి బాబూ. మీరు సెప్పినవన్నీ మానీసేం. బొండం నీళ్ళు ఒక్క సుక్క ఇవ్వనేదు. మా తోటల కోకో ఒక్కటే తాగుతాది." బావ అది గర్వంగానే చెప్పాడు. ఫ్లాస్కు తీసి చూపించాడు కూడా.

డాక్టరు గారు మూత తీసి వాసన చూశారు. "చాక్లెట్లు వద్దని చెప్పానా లేదా?"

"సాక్లెట్టు కాదండి. కోకో."

"చాక్లెట్ చేసేది దీంతోనే కదయ్యా."

నేను మంచం మీద నుంచి బావని చూశాను. ఆయనకి ఆ సంగతి తెలీక కాదు. గింజలు ఎక్కడికి పోతాయని ఊళ్ళో పిల్లలు అడిగితే ఆయనే చెప్పేవాడు, చాక్లెట్ల ఫ్యాక్టరీకని. తెలిసిన సంగతే మళ్ళీ ఆ గదిలో కొత్తగా తెలిసింది ఆయనకి. ఫ్లాస్కు ఎక్కడ పెట్టాలో తెలియక రెండు చేతుల్తో పట్టుకుని నిలబడిపోయాడు.

ఆ రోజే మెడలో గొట్టం వేసి మిషను ఎక్కించారు. దాని గురించి ఎక్కువ రాయను. నా రక్తం నా ఒంట్లోంచి బయటికి పోయి ఒక డబ్బా చుట్టూ తిరిగి రావడం చూశాను. చచ్చిపోతానని భయపడ్డాను, తరవాత చచ్చిపోనేమోనని కూడా భయపడ్డాను. చలి వేసింది. ఎవరో కాళ్ళు రాస్తున్నారు. కళ్ళు తెరిచి చూస్తే ఎవరో తెలియని ఆడమనిషి. బారువ వైపు, సముద్రం మీద వేటకెళ్ళే పల్లెవాళ్ళ మనిషి, ఎర్రమ్మ. చేపలు అమ్ముకుంటుంది. పక్క మంచం మీద ఆమె మొగుడు. ఆమె చేతులు చేపల వాసన వేస్తున్నాయి. అప్పటికి వాసన పడితే వాంతి చేసుకునేదాన్ని, ఆ చేతుల్ని మాత్రం ఆపలేదు.

"మొదులు అలగే ఉంతాది అప్పా. తరవాత ఒల్లు అలవాటు పడిపోద్ది" అంది. అలవాటు పడితే చాలా అని అప్పుడు ఆమె మీద కోపం వచ్చింది. ఆమె నా కాళ్ళు రాయడం ఆపలేదు.

నాలుగు రోజులకి మాట్లాడే ఓపిక వచ్చాక డాక్టరు గారిని అడిగాను. దీనివల్లేనా? ఆయన తప్పించుకోకుండా చెప్పారు. ఇదొక్కటే అనలేను. తాటిబెల్లం ఉంది, మీరు వేసుకునే బీపీ మాత్ర ఉంది, ఎండ ఉంది, అన్నీ కలిశాయి. కొబ్బరి నీళ్ళు ఎందుకు వద్దన్నానో ఇదీ అందుకే వద్దు. ఇందులో ఉండే పొటాషియం బయటికి పంపాల్సింది కిడ్నీలే, మీవి పంపలేవు, అది గుండె మీదికి వస్తుంది. ఇంకా కొన్ని ఉప్పులు ఉంటాయి, అవి కిడ్నీకే మంచివి కావు. కిడ్నీలు బాగున్న మనిషి పంచదార లేకుండా కొంచెం తాగితే ఏమీ కాదు, మంచిదే.

"మిసను దిగొచ్చా అండి?" అన్నాను.

"లేదమ్మా. ఎప్పటికైనా ఇది రావలసిందే. కాస్త ముందొచ్చింది."

"ఎంత ముందు?"

"అది చెప్పలేం" అన్నారు.

అది చెప్పలేం. ఏడాదా, రెండేళ్ళా, ఆరు నెలలా, ఎవరూ చెప్పలేరు. నాకు రావలసిన ఆ రోజులు ఎన్నో కూడా తెలియకుండా పోయాయి. ఎన్నని తెలిస్తే వాటి పేరు పెట్టి ఏడిచేదాన్ని.

ఇంటికొచ్చాక ఇంకో జబ్బు మొదలైంది. బావ మాట్లాడ్డం మానేశాడు. నాతో అవసరమైనంత మాట్లాడేవాడు. బస్సు ఎన్నింటికి, మాత్ర వేసుకున్నావా, చెయ్యి చూపించు. వారానికి రెండుసార్లు పొద్దున్నే పలాస దాకా, అక్కణ్ణుంచి శ్రీకాకుళం దాకా పక్క పక్కనే కూర్చుని వెళ్ళేవాళ్ళం, పక్క పక్కనే తిరిగొచ్చేవాళ్ళం. కిటికీలోంచి జీడితోటలు పోతుండేవి. ఆయన వాటిని కూడా చూసేవాడు కాదు. ఊళ్ళో ఎవరడిగినా ఒకటే మాట, "రోజులొచ్చీసేయి, ఎక్కించీసేరు." మా అత్త ఇంకో మెట్టు పైన, రాసిపెట్టి ఉన్నాదనేది. రాసిపెట్టినవాడెవడో, ఆయనకి మూకుడూ రోలూ ఎవరిచ్చారో నేనడగలేదు.

నాకు మండింది ఎక్కడంటే, ఊళ్ళో ఇంకా తాగుతున్నారు. టీ కొట్టు దగ్గర ఆయన చెప్పిన మాట అలాగే ఉంది, దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేదు. ఒక రోజు అన్నం తింటుంటే అడిగేశాను.

"టీ కొట్టు కాడ నువ్వే కదా సెప్పేవు. మళ్ళీ అక్కడికే ఎల్లి సెప్పు. జబ్బు మనుసులకి పొయ్యొద్దని సెప్పు."

ముద్ద చేతిలోనే ఉంది. "నా పెల్లానికి నానే ఇసం పట్టీసేనని సెప్పమంటావేటి?"

"ఇసం కాదు. నీకైతే మంచిదే. నాకే కాదు. ఆ మాటే సెప్పు."

"నువ్వు సెప్పు. సంగంల సెప్పు."

"నాను సెప్పేను బావా. మొగుడు మీద ఉడుకుబోతుతనం అనీసి నవ్వేరు. నువ్వు సెప్పిందే నమ్మేరు, నువ్వే సెప్పాల."

చెయ్యి కడిగేసుకుని తోటలోకి పోయాడు. ఆ ఏడాది కోకో కాయలు కొయ్యలేదు. చెట్టు మీదే నల్లబడి, ఉడతలు తిని, ఎండి రాలిపోయాయి. ఆయన కాయలు కొయ్యడం మానేస్తే నాకేం ఒరిగింది? నేను అడిగింది ఒక్క మాట. భర్త నోటి నుంచి ఆ మాట రాకపోవడం నాకు సూదుల కంటే ఎక్కువ నొప్పి పెట్టింది. ఆయన మీద నాకు జాలి ఉంది. జాలి ఉంటే కోపం ఉండదని ఎవరన్నారో గానీ, రెండూ ఒకే కంచంలో తిన్నాను నేను.

ఎర్రమ్మ చెప్పినట్టే ఒళ్ళు అలవాటు పడింది. దాహానికి నీళ్ళ బదులు చిన్న మంచు ముక్క బుగ్గన పెట్టుకోవడం ఆమే నేర్పింది. మిషను సూదులు గుచ్చడానికి చేతిలో రెండు నరాలు కలిపారు, అక్కడ వేలు పెడితే లోపల ఏదో పిల్లి గుర్రుమన్నట్టు ఉంటుంది. మిషను దిగిన రోజు మనిషిని కాదు, మర్నాడు కొంచెం మనిషిని. ఎర్రమ్మ మొగుడు చలికాలంలో పోయాడు. ఆ తరవాత ఆమె ఇక ఆసుపత్రికి రాలేదు. ఒకసారి మాత్రం బస్సు స్టాండులో కనిపించి, గంప దింపి, నా కాలు మీద చెయ్యి వేసి చూసి, నీరు లేదని తల ఊపి వెళ్ళిపోయింది.

2017 వానాకాలం. ఆ రోజు కరెంటు పోయి మిషన్లు ఆలస్యమయ్యాయి. బయట హాల్లో బెంచీల మీద అందరం కూర్చున్నాం. మాకు ఎదురుగా కొత్త జంట. అతనికి నలభై లోపే ఉంటాయి. మెడలో కట్టు, కొత్తగా వేసిన గొట్టం. మొదటి రోజుల్లో అందరూ చూసినట్టే తలుపు కేసి చూస్తున్నాడు. పెళ్ళాం కాళ్ళ దగ్గర సంచి పెట్టుకుంది. కాసేపటికి అందులోంచి ఫ్లాస్కు తీసి మూత విప్పింది.

వాసన నాకు తెలిసిపోయింది. ఆ వాసన నేను చచ్చినా మరిచిపోను. లేవబోయాను. నా కంటే ముందు బావ లేచాడు.

"అదేటమ్మా?"

"కోకో అన్నా. మా తోటదే, మందులు కొట్టనిది. సెక్కెర కూడా ఎయ్యనేదు." ఆమె మూతలో పోస్తూనే చెప్పింది.

"ఎవలు ఇమ్మన్నారు?"

"అందరూ తాగుతన్నారు కదా మావేపు. సోంపేట కాడ ఒకాయన పెల్లానికి దీంతోనే నయమైపోనాదంట. ఆయనే సెప్పేడంట టీ కొట్టుల. మరి ఈయనకీ మొన్నటి దాకా బాగానే ఉన్నాది."

బావ ఏమీ అనకుండా కూర్చుంటాడనుకున్నాను. ఏడాది పైగా ఆయన్ని చూస్తూనే ఉన్నాను, నాకు తెలుసు. ఆయన వంగి ఆమె చేతిలో మూత పట్టుకున్నాడు.

"ఆ సోంపేట మనిసిని నానేనమ్మా" అన్నాడు. "నయమవనేదు. ఇదిగో, ఇదే నా పెల్లాం. నా సేత్తోటే పట్టేను. ఆస్పత్రికి తెచ్చినపుడు ఆటోల కూడా పట్టేను. అది తాగీసే దీనికి ఇంత ముందు మిసినొచ్చింది. జబ్బు నేనోలికి మంచిదే. ఈలికి కాదు. పొయ్యకమ్మా."

హాలంతా వింటోంది. ఆమె నా వైపు చూసింది. నేను చీర కొంగు తీసి చేతి మీద ఉబ్బిన నరం చూపించాను.

ఆమెకి కోపం వచ్చింది. రావలసిందే. "బొండం నీళ్ళొద్దన్నారు. అరిటిపండొద్దన్నారు. పనసొద్దన్నారు. ఇప్పుడు నువ్వొచ్చి ఇదొద్దంటన్నావు. మరి ఈయనకి నానేటియ్యాల అన్నా? తోటల ఇంకేటున్నాది ఇవ్వడానికి?"

బావ ఆమె పక్కన నేల మీద కూలబడ్డాడు. ఆ ప్రశ్న ఆయనకి కొత్తది కాదు, నాలుగేళ్ళుగా ఆయన లోపల నలుగుతున్నదే.

"ఏటీ నేదమ్మా" అన్నాడు.

కరెంటు వచ్చింది. లోపలి నుంచి నా పేరు పిలిచారు. తలుపు దగ్గరికి వెళ్ళి వెనక్కి తిరిగి చూశాను. ఆమె మూతలో పోసింది మళ్ళీ ఫ్లాస్కులో పోసి, మూత బిగించి, దాన్ని బావ చేతికిచ్చింది. ఆయన రెండు చేతుల్తో పట్టుకుని కుళాయి వైపు నడిచాడు.